దారం పడిన చోటు

"పడిపోతోంది," అన్నారు రబ్బరు మాస్టారు.

కిందటివారం మనం గువ్వను వదిలి వచ్చింది ఆ మాట దగ్గరే. మాస్టారి ముందుగదిలో గోడకు ఆనించి ఉన్నది గువ్వ గీసిన మూడో బొమ్మ. మూడింట్లోనూ ఉన్నది ఒక్కరే, వాళ్ళమ్మ. బొమ్మల కాలేజీలో సీటు కావాలంటే నిలువెత్తు మనిషి బొమ్మ ఒకటి పంపాలి. మనిషిని ఎదురుగా నిలబెట్టి గీయాలి, పెన్సిలుతోనే గీయాలి, మనిషి తప్ప చుట్టూ ఇంకేమీ ఉండకూడదు. గడువు శనివారం. ఇవాళ బుధవారం. మొదటి బొమ్మ చూసి మాస్టారు ఆ మాటే అన్నారు. రెండోది చూసీ అదే అన్నారు. మూడోదానికి గువ్వ రెండు రోజులు వేరే ధ్యాస లేకుండా కూర్చుంది. అయినా అదే మాట.

ఆయన్ని రబ్బరు మాస్టారు అని ఊరికే అనరు. ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకోవాలంటే గుమ్మంలోనే రబ్బరు ఇచ్చేసి లోపలికి రావాలి. అలా లాక్కున్న ముక్కలతో కిటికీలో ఒక బిస్కెట్ల డబ్బా నిండిపోయింది. "తప్పు గీత పక్కనే ఒప్పు గీత గియ్యి. రెండూ ఉండనీ. చెరిపేస్తే ఎక్కడ తప్పావో రేపు నీకెవరు చెప్తారు?" అంటారు. గువ్వ దగ్గర ఆయన తీసుకున్నది ఒక్క రబ్బరే. రెండోది తెచ్చే ధైర్యం ఆ పిల్లకు లేదు.

గువ్వ అసలు పేరు కాదు. తాపీపని చేసిన నాన్న పెట్టిన ముద్దుపేరు. బడిలో ఎంతసేపు నిలబెట్టి అడిగినా నోరు విప్పకుండా, ఇంటికొచ్చి వాళ్ళ నాన్న చెవిలో మాత్రం గుసగుసగా కువకువలాడేదని అలా పిలిచాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన వస్తువుల్లో గువ్వ తనకోసం ఉంచుకున్నది ఒక్కటే. గోడ నిటారుగా లేచిందో లేదో చూడటానికి ఆయన వాడిన ఇత్తడి గుండు, దానికి కట్టిన తెల్ల దారం.

ఇప్పుడు ఆ గుండు మాస్టారి చేతిలో ఉంది.

మనిషి బొమ్మను ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటిరోజు మాస్టారు అడిగిన ప్రశ్న అది. గువ్వ అందరిలాగే కళ్ళతో మొదలుపెట్టింది. కళ్ళు బాగా కుదిరాయి. ముక్కు కుదిరింది. చొక్కా దాటి మోకాళ్ళ దాకా వచ్చేసరికి కాగితం అయిపోయింది, పాపం ఆ మనిషికి వాటి కింద ఏమీ లేకుండా పోయింది. మాస్టారు నవ్వలేదు. "మీ ఇంట్లో అడిగి రా, మనిషిని ఎక్కడ మొదలుపెడతారో," అన్నారు. అమ్మ దర్జీ. "భుజం దగ్గర. భుజం కుదిరితే మిగతాదంతా దాన్నుంచి వేలాడుతుంది," అంది తడుముకోకుండా. నాన్న ఉంటే నేల దగ్గర అని ఉండేవాడని గువ్వ అనుకుంది. మర్నాడు అదే చెప్పింది.

"ఇద్దరూ వాళ్ళ వాళ్ళ పనికి సరిగ్గానే చెప్పారు," అన్నారు మాస్టారు. "మనం మాత్రం ఇక్కడ మొదలుపెడతాం." తన మెడ కింద, రెండు ఎముకలు కలిసే చోట ఉండే చిన్న గుంట మీద వేలు పెట్టి చూపించారు. "ఈ గుంటలోంచి ఒక దారం కిందికి వదులు. అది ఏ కాలి దగ్గర పడితే ఆ కాలే మనిషిని మోస్తోందన్నమాట. రెండు కాళ్ళ మధ్య పడితే రెండూ చెరిసగం మోస్తున్నట్టు. ముందు ఆ దారం, తర్వాత మోసే కాలు. కళ్ళు ఎక్కడికీ పోవు, చివర్లో పెట్టుకోవచ్చు."

ఆ సాయంత్రమే గువ్వ నాన్న గుండును వెతికి తీసింది. అప్పటినుంచి అది బొమ్మల సంచిలోనే ఉంటోంది.

మాస్టారు మూడో బొమ్మలో అమ్మ మెడగుంట మీద దారం ఆనించి పట్టుకున్నారు. గుండు కాసేపు ఊగి ఆగింది. దారం ఎడమకాలి దగ్గర పడలేదు. కుడికాలి దగ్గరా పడలేదు. కుడిపాదం దాటి రెండు వేళ్ళ అవతల, ఖాళీ కాగితం మీద పడింది.

"చూశావా? ఇలా నుంచున్న మనిషి ఈపాటికి నేల మీద ఉండాలి."

గువ్వ ఏదో అంది.

"ఏంటీ? గట్టిగా చెప్పు పిల్లా. ఆ డబ్బాలో రబ్బరు ముక్కలు కూడా నీకంటే గట్టిగా మాట్లాడతాయి."

"మా అమ్మ అలాగే నుంచుంటుంది మాస్టారూ."

"అలా ఎవ్వరూ నుంచోలేరు. ఇంకోటి చూడు. కుడి తుంటి పైకి లేచింది, ఎడమది కిందికి దిగింది. అంతవరకు సరే, బరువంతా కుడివైపు ఉంటే అలాగే ఉంటుంది. మరి అప్పుడు గౌను అంచు ఎడమవైపు కిందికి జారాలా వద్దా? నువ్వేమో స్కేలు పెట్టి గీసినట్టు నేలకు సమంగా గీశావ్. దర్జీ కూతురివి, నీకు నేను చెప్పాలా?"

"అంచు అలాగే ఉంది మాస్టారూ. పెన్సిలు పెట్టి రెండు వైపులా కొలిచాను."

"చూసింది గీశావా, ఉండాలనుకుంది గీశావా?"

"చూసిందే," అంది గువ్వ. ఈసారి ఆ మాట ఆమెకే గట్టిగా వినిపించింది.

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. బొమ్మకు దగ్గరగా వంగారు. ఎడమకాలు చూశారు. అది నేలను ముట్టీ ముట్టనట్టు ఉంది. తర్వాత కుడిచేతిని చూశారు. అరచెయ్యి కిందికి తిరిగి, వేళ్ళు విచ్చుకుని, గాలిలో ఆగి ఉంది.

"ఈ చెయ్యి దేని మీద ఉంది?"

"కటింగ్ బల్ల మీద. చుట్టూ ఏమీ ఉండకూడదన్నారుగా, అందుకని బల్ల తీసేశాను."

"బల్ల మీద చెయ్యి వేసిందా, ఆనుకుందా?"

గువ్వ తెల్లమొహం వేసింది. చెయ్యి వేయడం వేరు, ఆనుకోవడం వేరు. మూడుసార్లు గంటలకు గంటలు ఆ చేతినే చూస్తూ గీసింది. మణికట్టు దగ్గర నరాలు ఉబ్బి ఉంటే ఉబ్బినట్టే గీసింది. వేళ్ళ కొసలు తెల్లబారి ఉంటే అక్కడ పెన్సిలు ముట్టించకుండా వదిలేసింది. అన్నీ కనిపించాయి. ఆ ప్రశ్న మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

మాస్టారు పెన్సిలు తీసుకుని ఆ అరచేతి కింద అడ్డంగా ఒకే ఒక్క గీత గీశారు. బల్ల అంచు.

బొమ్మ నిలబడింది.

అప్పటిదాకా ఒరిగిపోతున్న మనిషి ఆ ఒక్క గీతతో ఆగింది. ఇద్దరూ చూశారు. "నీ బొమ్మ తప్పు కాదు," అన్నారు మాస్టారు. "మూడూ తప్పు కాదు. నేనే తప్పు చెప్పాను."

గువ్వ మొహం విప్పారింది. ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళు ఆ వీధిలో ఎవరూ ఉండరు. కానీ తలెత్తి చూస్తే ఆయన చూపు బొమ్మ మీద లేదు, తన మీద ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంటి మాస్టారూ?"

"మీ అమ్మ ఇలా ఆనుకుని నుంచోవడం."

ఆయన దారాన్ని గుండుకు జాగ్రత్తగా చుట్టి ఆమె చేతిలో పెట్టారు. ఎప్పుడూ పిల్లా, ఏయ్ అని తప్ప పిలవని మనిషి, "ఇంటికి వెళ్ళమ్మా," అన్నారు.

* * *

మాస్టారి ఇంటి నుంచి గువ్వ ఇంటికి రెండు వీధులు. మిట్టమధ్యాహ్నం. సైకిళ్ళు బాగుచేసే కొట్టు, మూతపడిన మందుల షాపు, నీళ్ళ పంపు, ఆ పక్కన గోడ నీడలో పడుకున్న కుక్క. రోజూ చూసేవే. ఇవాళ వాటిలో ఏ ఒక్కటీ గువ్వ కంట పడలేదు. ఆమె కళ్ళ ముందు తిరుగుతున్నవి వేరు.

రెండు నెలలుగా అమ్మ మేజోళ్ళు వేసుకుంటోంది. నేల చల్లగా ఉందంటోంది. అమ్మకు మేజోళ్ళంటే అసలు పడేది కాదు. అరికాళ్ళలో ఆవిడకు గిలిగింత అంత ఎక్కువ. నాన్న సరదాకి వేలు చూపిస్తే చాలు, ఇంకా ముట్టుకోకముందే కాళ్ళు ముడుచుకుని, "వద్దు, వద్దు, కుట్టు చెడిపోతుంది," అని పడీ పడీ నవ్వేది.

తర్వాత మిషను. "కాస్త నువ్వు తొక్కవే, నేను గుడ్డ పట్టుకుంటాను. నీకూ చెయ్యి తిరుగుతుంది," అని ఎన్నిసార్లు అంది! కింద పడిన దారపు బాబిన్ తీసిమ్మంటే, పై అరలో కత్తెర అందుకోమంటే, బద్ధకం ఎక్కువైందే అమ్మకు అని గువ్వ లోపల విసుక్కుంది కూడా.

తర్వాత సూదులు. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు నేల మీద అయస్కాంతం తిప్పి రాలిన సూదులు ఏరడం గువ్వ పని. ఈమధ్య అమ్మ రోజుకు రెండుసార్లు తిప్పిస్తోంది. "చెప్పుల్లేకుండా ఈ గదిలో అడుగు పెట్టావంటే ఊరుకోను," అని కేకలేస్తోంది.

అన్నీ విడివిడిగా చూసింది. కళ్ళతో మొదలుపెట్టి కాళ్ళ దాకా రాని బొమ్మలాగే అయింది తన చూపు కూడా.

ఇంటి ముందుగదే కొట్టు. గువ్వ వచ్చేసరికి బస్సు కండక్టరు గారు గది మధ్యలో చేతులు చాచి నిలబడి ఉన్నారు. అమ్మ బల్లకు ఆనుకుని, చేతిలో టేపుతో, ఆయన నడుము కొలుస్తోంది.

"బట్ట కుంచించుకుపోయిందమ్మా, ఉతికితే," అంటున్నారాయన.

"ఒక్క నడుము దగ్గరే కుంచించుకుపోయే బట్టను నేనెక్కడా చూళ్ళేదు కండక్టరు గారూ."

"నువ్వు కావాలనే బిగించి కుడతావు. నేను మళ్ళీ మళ్ళీ రావాలని."

"మీరు ముందు ఊపిరి వదలండి. కొలిచేటప్పుడు బిగబట్టి, బస్సెక్కాక వదిలితే గుండీలు ఎగిరి ప్రయాణికుల కళ్ళల్లో పడతాయి. అప్పుడు నన్ను తిట్టుకుంటారు వాళ్ళు. ఆ, తిరగండి. ఇంకాస్త. ఇంకాస్త."

కండక్టరు గారు బొంగరంలా తిరిగారు. గువ్వ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇదివరకు అమ్మే మనిషి చుట్టూ తిరిగేది. కొలతలు తీస్తూ, మాట్లాడుతూ, దారం పోగులు దులుపుతూ గిరగిరా తిరిగే ఆ మనిషి ఎప్పుడు ఒక్కచోట నిలబడిపోయింది? కొలిపించుకునేవాళ్ళు ఎప్పటినుంచి తిరుగుతున్నారు?

"ఎడమ భుజంలో ఎప్పటిలాగే దూది పెడతాను," అంది అమ్మ. "సంచీ మోసి మోసి అది అంగుళం దిగింది మీకు. నేను కుడితే ఎవరికీ తెలియదులెండి."

"అందుకేగా నీ దగ్గరికొచ్చేది. మా ఆవిడక్కూడా ఇన్నేళ్ళయినా తెలియదు."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అమ్మ ఇంకా నవ్వుతూనే గువ్వ వైపు తిరిగింది. "ఏమే, మొహం అలా పెట్టావ్? మళ్ళీ పడిపోయానా ఏంటి, బొమ్మలో?"

"బల్ల వదిలి ఇటు రా అమ్మా."

"నాలుగోది గీస్తావా? ఉండు, ఈ గుడ్డ కత్తిరించేసి..."

"బల్ల వదులు."

అమ్మ నవ్వు ఆగింది. గువ్వ అలా మాట్లాడటం ఆవిడెప్పుడూ వినలేదు. అయినా చెయ్యి మాత్రం తీయలేదు. "ఏంటే ఇది? నాకు కొలతలు నేర్పిస్తావా? నీకు కత్తెర పట్టుకోవడం నేర్పిందే నేను."

గువ్వ సంచిలోంచి గుండు తీసి, దారం విప్పి, అమ్మ దగ్గరికి వెళ్ళింది. దారం కొసను అమ్మ మెడగుంటలో ఆనించి వేలితో నొక్కి పట్టుకుని, గుండును కిందికి వదిలింది.

కాగితం మీద ఎన్నోసార్లు చేసిన పనే. మనిషి మీద చేయడం ఇదే మొదటిసారి. వేలి కింద అమ్మ నాడి కొట్టుకుంటోంది. అది దారంలోంచి దిగి గుండును కదుపుతోంది. నాన్న కట్టిన గోడల దగ్గర అది ఎప్పుడో ఆగిపోయేది. ఇక్కడ ఆగడం లేదు. ఇద్దరూ తలలు వంచి దాన్నే చూస్తున్నారు. చివరికి కొద్దిగా వణుకుతూ నిలిచింది. అమ్మ కుడి చెప్పు దాటి రెండు వేళ్ళ అవతల, వట్టి నేల మీద.

అమ్మ జీవితమంతా కొలతలతోనే గడిచింది. కళ్ళెదుట ఉన్న కొలతతో వాదించడం ఆవిడకు చేతకాదు.

"మీ నాన్న గుండు తెచ్చి మరీ పట్టుకున్నావన్నమాట," అంది మెల్లగా.

"గౌను అంచు సమంగా ఎలా ఉందన్నారు మాస్టారు. ఎడమవైపు ఎంత కోశావ్?"

"ముప్పావు అంగుళం." అంచు సర్దుకుంటూ, "అన్ని గౌన్లకీ," అంది. "మంచి పనేలే. మాస్టారికి తప్ప ఎవరికీ కనిపించలేదు."

కండక్టరు గారి భుజాన్ని దాచిన చేతులే అవి. ఊళ్ళో ఎంతమంది వంకరలను ఎన్నేళ్ళుగా దాస్తున్నాయో. తన వంకరను తన కూతురి నుంచి దాచడం వాటికి ఎంత పని?

"కూర్చో," అంది గువ్వ.

అమ్మ కూర్చుంది. మిషను ముందు ఉండే ఎత్తుపీట మీద, మిషనుకు వీపు పెట్టి. ఎడమకాలి మేజోడు తీయడానికి వంగింది కానీ, చెయ్యి అక్కడే ఆగిపోయింది. గువ్వే మోకాళ్ళ మీద కూర్చుని తీసింది. కింద గుడ్డ కట్టు ఉంది. కండక్టరు గారి యూనిఫారం గుడ్డే, పీలికలుగా చించి, అంచులు కూడా మడిచి కుట్టి, నీటుగా చుట్టింది. దాన్నీ విప్పబోతుంటే అమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"అది వద్దు. వాసన వస్తుంది."

గువ్వకు అప్పుడు తెలిసింది, రెండు నెలలుగా ఈ గదిలో అగరొత్తులు ఎందుకు వెలుగుతున్నాయో.

"ఏమైందమ్మా?"

"ఒకరోజు అయస్కాంతం తిప్పి, లావుసూది ఒకటి కనిపించడం లేదన్నావు, గుర్తుందా? గదంతా గాలించావు. నేను కూడా బల్లకింద వెతికాను, నీతోపాటు తిరుగుతూ."

"ఆ."

"నా అరికాల్లో ఉంది." అమ్మ కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "మూడో రోజు చెప్పుకి నెత్తురంటితే చూశాను. మూడు రోజులు దాని మీదే నడిచాను, మిషను తొక్కాను. చీమ కుట్టినట్టు కూడా లేదు. సూది దిగినందుకు కాదు నాకు భయమేసింది. దిగినట్టు తెలియనందుకు."

"ఆసుపత్రికి..."

"వెళ్ళాను. నువ్వు మాస్టారి దగ్గరున్నప్పుడు. షుగరు చాలా ఉందన్నారు. ఎన్నాళ్ళుగా ఉందో వాళ్ళూ చెప్పలేకపోయారు. పుండు మానడం లేదు, ఎముకకు పట్టిందన్నారు. బరువు వెయ్యొద్దన్నారు ముందు. తర్వాత వెళ్తే..." ఆవిడ తన మోకాలి కింద, నాలుగు వేళ్ళ వెడల్పు కొలిచి, అరచేతిని అడ్డంగా పెట్టింది. చొక్కా చేతికి కత్తిరింపు గుర్తు పెట్టేటప్పుడు పెట్టినట్టే పెట్టింది. "ఇక్కడికి."

గువ్వ ఆ చెయ్యి ఎక్కడుందో అక్కడే చూస్తూ ఉండిపోయింది.

"సోమవారం రమ్మన్నారు."

"ఏ సోమవారం?"

"మొన్న వెళ్ళిపోయిన సోమవారం."

మొన్న సోమవారం. మూడో బొమ్మ మొదలుపెట్టిన రోజు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అమ్మ కదలకుండా నిలబడింది. మధ్యలో గువ్వ రెండుసార్లు, "కాస్త నిటారుగా నుంచో అమ్మా," అని విసుక్కుంది.

ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపుతోపాటు కోపమూ వచ్చింది. "నా బొమ్మ కోసమా? నా సీటు కోసం నువ్వు కాలు కుళ్ళబెట్టుకుని... ఎవరు నుంచోమన్నారు నిన్ను? ఎవరడిగారు?"

"నీకోసం కాదు," అంది అమ్మ.

గువ్వ తలెత్తింది.

"నీకోసమే అని చెప్పుకుంటే నాకూ బాగుండేది. అంత మంచిదాన్ని కాదే నేను. భయం. అంతే. నీ బొమ్మ అయ్యాక వెళ్దాం, నీ బొమ్మ అయ్యాక వెళ్దాం అనుకున్నాను. నువ్వు ఒకటి పాడుచేసి ఇంకోటి మొదలుపెట్టినప్పుడల్లా నాకు లోపల్లోపల సంతోషమయ్యేది. ఇంకో నాలుగు రోజులు దొరికాయని." అమ్మ ముక్కు చీది నవ్వబోయింది. "మీ మాస్టారు పడిపోతోంది, పడిపోతోంది అంటుంటే ఆయనకు దండం పెట్టుకున్నాను."

గువ్వ అమ్మ ఒడిలో తల పెట్టేసింది. గౌను మడతల్లో సుద్ద వాసన, అగరొత్తుల వాసన, వాటి కింద ఇంకో వాసన. అది తెలిసినా తల తీయలేదు. అమ్మ చెయ్యి ఆమె జడ మీద పైకీ కిందికీ తిరిగింది.

"మిషను ఏ కాలితో తొక్కుతారే?" అంది అమ్మ.

"మోటారు పెట్టిద్దాం."

"ఒంటికాలి దర్జీ దగ్గర ఎవరైనా ప్యాంటు కుట్టించుకుంటారా? రెండో కాలు కుట్టడం మర్చిపోతుందేమోనని భయపడరూ?"

గువ్వకు నవ్వు వచ్చింది, అది మధ్యలోనే ఏడుపైంది. "వచ్చే సోమవారం వెళ్దాం అమ్మా. నేనూ వస్తాను. శనివారం బొమ్మ సంగతి వదిలెయ్. వచ్చే ఏడాది పంపుతాను. వెళ్దాం. వెళ్దామని చెప్పు."

"వచ్చే సోమవారం దాటితే మోకాలు కూడా మిగలదన్నారు," అంది అమ్మ, వేరే ఎవరి సంగతో చెప్తున్నట్టు. బయట సైకిలు బెల్లు మోగుతూ దూరమైంది. "వెళ్తాను," అంది. "కానీ నువ్వు నాకొకటి చెయ్యాలి."

"చెప్పు."

"నా కాళ్ళు గీసిపెట్టు. రెండూ. పక్కపక్కన."

గువ్వ చూసింది.

"ఒకటే మిగిలాక జత ఎలా ఉండేదో గుర్తుండదే. మీ నాన్న నా మొహం చూడకముందు నా కాళ్ళే చూశాడట. గోడ కడుతూ పైనుంచి కిందికి చూస్తే వీధిలో నా కాళ్ళు కనిపించాయట, చెప్పేవాడు. కాలేజీవాళ్ళకి పంపేందుకు కాదు. నాకు. అది పూర్తయితే సోమవారం దాకా కూడా ఆగక్కర్లేదు, రేపే తీసుకెళ్ళు. పూర్తయ్యేదాకా మాత్రం ఇంకేమీ అడక్కు నన్ను."

గువ్వ లేచి మొహం తుడుచుకుంది. గుమ్మం తలుపు దగ్గరగా వేసింది. మంచి కాగితం, శనివారం కోసం దాచిన ఆఖరిది, పలక మీద బిగించింది. అమ్మ కాళ్ళ కింద తెల్లగుడ్డ పరిచి, బట్టలు మడతపెట్టే పొట్టిబల్లను జరిపి, మడమలు దాని మీద ఆనేలా కాళ్ళు చాపించింది. పాదాలు రెండూ ఇప్పుడు తన కళ్ళకు ఎదురుగా ఉన్నాయి. ఎడమపాదానికి కట్టు. కుడిపాదానికి ఇంకా మేజోడు ఉంది. దాన్నీ తీసింది. పలచటి, తెల్లటి పాదం. బొటనవేలి పక్క వేలు కాస్త పొడుగు. గువ్వకూ అంతే.

పెన్సిలు చెక్కుకుంది. పలక ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి కాగితం మీదికి వెళ్ళి ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ మెడగుంట దగ్గర మొదలుపెట్టింది. ఇక్కడ మెడ లేదు, భుజం లేదు, మోసే బరువు లేదు. దారం ఎక్కడినుంచి వదలాలి?

"ఎక్కడ మొదలుపెట్టను అమ్మా?"

"మంచికాలితో," అంది అమ్మ. "రెండోదాన్ని చూస్తూ మొదలుపెడితే నీ చెయ్యి వణుకుతుంది. కుడిది బంగారంలా ఉంది, దానికేం లేదు. ఇన్నాళ్ళూ నన్ను మోసింది అదేగా. ముందు దాన్ని గియ్యి." కిటికీ వైపు మొహం తిప్పుకుని కళ్ళు మూసుకుంది. "త్వరగా కానీ."

గువ్వ తల ఊపింది. ముందు పొడుగు చూసుకోవాలి. మడమ నుంచి వేలి కొస దాకా కొలుద్దామని పెన్సిలును పాదం మీదికి చాపింది. చెయ్యి జారింది. అప్పుడే చెక్కిన ములుకు అమ్మ కుడి అరికాలి మధ్యలో గుచ్చుకుంది.

గువ్వ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ కాలు ముడుచుకుంటుందని, వద్దు వద్దు అంటూ నవ్వుతుందని ఎదురుచూసింది. కాలు కదల్లేదు. వేళ్ళు కూడా కదల్లేదు.

మళ్ళీ పెట్టింది పెన్సిలును. అదే కాలు, అదే చోటు. ఈసారి కావాలనే నొక్కింది. చర్మం లోపలికి దిగింది. ఇంకాస్త నొక్కింది. తీసి చూస్తే మంచికాలి అరికాలి మీద చిన్న గుంట, గుంటలో నల్లటి చుక్క.

కాగితం మీద మాత్రం ఇంకా ఒక్క గీత కూడా లేదు.

"ఏమే," అంది అమ్మ కళ్ళు మూసుకునే, "ఇంకా మొదలుపెట్టలేదా?"